మార్జిన్ ఎవరు గీయాలి?

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. క్లాసులో పిల్లలు తమంతట తామే నేర్చుకునేలా చెయ్యడం ఎలా అని అడిగావు. "చెప్తే తప్ప ఏదీ చెయ్యరు పెద్దనాన్నా, పేజీ అయిపోతే తిప్పాలా అని కూడా నన్నే అడుగుతారు" అని రాశావు. చదివి నవ్వొచ్చింది. నా క్లాసులోనూ అదే వరస. "మార్జిన్ గీయాలా సార్? పెన్నుతోనా, పెన్సిల్‌తోనా?" ఒక్క గీతకి రెండు పర్మిషన్లు. వాళ్లకి తెలీక కాదు, అడక్కుండా చేస్తే చీవాట్లు పడతాయని మనమే ఏళ్ల తరబడి నేర్పాం. ఒక్క టర్ములో మారిపోవాలని టెన్షన్ పెట్టుకోకు.

ముందు నీ నోటికి కాస్త పని తగ్గించు. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త క్లాసులను టేపుల్లో రికార్డు చేసి చూశారు. 1974లో అచ్చయిన ఆమె పరిశోధన ప్రకారం టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. ఆ సెకను దాటితే ఇంకొకర్ని లేపడమో, జవాబు తామే చెప్పేయడమో! మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్న చోట పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మౌనంగా ఉండిపోవడం తగ్గింది, పిల్లలే ప్రశ్నలు వేయడం పెరిగింది. మూడు సెకన్లే కదా అనుకోకు. రెండో సెకనుకే గొంతు దురద పెడుతుంది. నేనైతే చెయ్యి వెనక్కి పెట్టుకుని వేళ్లు లెక్కపెట్టేవాణ్ణి.

ఒకరోజు సగం పెద్దదా, మూడో వంతు పెద్దదా అని అడిగాను. ఒకడు లేచి "మూడో వంతే సార్, రెండు కన్నా మూడు పెద్దది కదా" అన్నాడు. అవునూ అనలేదు, కాదూ అనలేదు. చాక్‌పీసు వంక చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి వెనక బెంచీ పిల్ల ఒకతి నోట్సులోంచి రెండు కాగితాలు చింపింది. (నోట్సు చింపినందుకు వేరే రోజైతే తిట్టేవాణ్ణే.) ఒకదాన్ని రెండుగా, ఇంకోదాన్ని మూడుగా మడిచి వాడి ముందు పెట్టింది. వాడు రెండింటినీ తిప్పి తిప్పి చూసి, "ఓహో, ఎక్కువ ముక్కలు చేస్తే ముక్క చిన్నదైపోతుంది" అన్నాడు. ఆ మాట నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో! ఎవరికీ ఎక్కలేదు.

అలాగని చేతులు పూర్తిగా వదిలేయకు. నేను ఆ తప్పు చేశాను. ఒక ఏడాది ఉత్సాహం కొద్దీ "మీకు నచ్చిన దాని మీద ప్రాజెక్టు చేసుకోండి" అన్నాను. బాగా చదివే నలుగురూ దూసుకుపోయారు. మిగతావాళ్లు నెలంతా అట్టకి రంగు కాగితాలు అంటించారు. దాన్ని స్వేచ్ఛ అనుకున్నాను, నిజానికి వాళ్లని గాలికొదిలేశాను. కొత్త విషయం నేర్చుకునేటప్పుడు బుర్ర ఒకేసారి మోయగలిగేది చాలా తక్కువ. ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో, ఎక్కడ వెతకాలో అన్నీ కలిపి నెత్తిన పెడితే నేర్చుకోవడానికి చోటే మిగలదు. ముందు విషయం నువ్వే శుభ్రంగా నేర్పు, ఆ తర్వాత చిన్న చిన్న ఎంపికలు ఇవ్వు. పది లెక్కలిచ్చి, "వీటిలో నీకు కష్టమనిపించే నాలుగు చెయ్యి, ఎందుకు కష్టమో పక్కన ఒక్క ముక్క రాయి" అను. మొదట్లో అందరూ తేలికవే ఏరుకుంటారు. ఏరుకోనీ.

నన్నడిగితే అన్నిటికన్నా విలువైన అలవాటు ఒకటుంది. పుస్తకం మూసి, గుర్తున్నది రాసుకుని, మళ్లీ తెరిచి వేరే రంగు పెన్నుతో సరిచూసుకోవడం. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మాత్రం గుర్తు చేసుకుని రాసినవాళ్లు బాగా ముందున్నారు. అందుకే పిల్లలు నీతో వాదిస్తారు, "చదివితేనే బాగా వస్తోంది మేడమ్" అని. ఆ క్షణానికి వాళ్లు చెప్పేది నిజమే. కాబట్టి వాదించకు, వారం ఆగి వాళ్లనే చూసుకోమను. తనకి ఏది రాదో తనే పట్టుకోగలిగిన పిల్లకి నీతో పని సగం తీరినట్టే.

నోట్సులు దిద్దేటప్పుడు మార్కు పక్కన ఎంత మంచి మాట రాసినా కళ్లు మార్కు మీదకే పోతాయి. వారానికోసారైనా మార్కు వెయ్యకుండా, "ఈ పేజీలో రెండు తప్పులున్నాయి, వెతుకు" అని రాసి తిరిగివ్వు. లేని మూడో తప్పు కూడా వెతికిపెట్టేవాళ్లు తగులుతారు, సరదాగా ఉంటుంది.

సిలబస్ సంగతి అడిగావు. కాస్త వెనకబడుతుంది, అబద్ధం చెప్పను. గోల కూడా పెరుగుతుంది. పక్క క్లాసు టీచరుతో ముందే ఒక మాట చెప్పి ఉంచు.

సోమవారం ఒక్క పీరియడుతో మొదలుపెట్టు. మార్జిన్ గీయాలా అని ఎవరైనా అడిగితే, "నీకేమనిపిస్తోంది?" అని ఊరుకో. కొందరు నిజంగానే కంగారు పడిపోతారు. ఎవరు ఏం చేశారో నాకు రాయి.

పెద్దనాన్న