మన ప్రాంతపు రైల్వే చరిత్రను, దాని కథలను ఎలా భద్రపరచాలి?

ముందు పనిచేసినవారి మాటలను రికార్డు చేయాలి, ఇంజన్ల సంగతి తరువాత చూసుకోవచ్చు అన్నది నా అభిప్రాయం. గోదావరి మీది హేవ్‌లాక్ వంతెన 1900లో మొదలై 1997 వరకు రైళ్లను మోసిందనీ, దానికి 56 స్పాన్లు ఉన్నాయనీ, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారనీ ఎక్కడ వెతికినా దొరుకుతుంది. జోరువానలో దాని మీద పట్టాలు చూసుకుంటూ నడిచిన కీమ్యాను ఏం చేసేవాడో మాత్రం ఎక్కడా దొరకదు.

మా మామయ్య, నంద్యాల–గుంటూరు మార్గం మీటరుగేజిగా ఉన్న రోజుల్లో, ఒక చిన్న స్టేషనులో పాయింట్స్‌మన్‌గా, అంటే బండ్లకు పట్టాలు మార్చే పనిలో ఉండేవారు. ఆయన ముందు ఫోను పెట్టి, ఉద్యోగంలో ఎప్పుడు చేరారు, ఎక్కడెక్కడ చేశారు అని అడిగితే పది నిమిషాల్లో ముగించేశారు. అప్పుడు టోకెను బొమ్మ చూపించాను. సింగిల్ లైనులో రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒకే బండి ఉండాలి కనుక, రెండు చోట్లా ఉన్న యంత్రాల నుంచి ఒక్క ఇనుప బంతి మాత్రమే బయటికి వచ్చేది; అదే టోకెను, బండి ముందుకు వెళ్లడానికి అనుమతి. దానిని తోలు సంచిలో వేసి, పెద్ద బెత్తపు రింగుకు తగిలించి, ఆగకుండా వెళ్లే బండికి చేత్తోనే అందించేవారు; అవతలి స్టేషనులో బండి నుంచి అలాగే తిరిగి అందుకునేవారు. బొమ్మ చూడగానే మామయ్య కుర్చీలోంచి లేచి, కాళ్లు ఎడంగా పెట్టి, ఎడమచేయి చాచి, "చేయి బిగబట్టావా, భుజం ఊడుతుందిరా! రింగుతో పాటే చేయి వెనక్కి పోవాలి" అన్నారు.

ఒక వానరాత్రి బండి నుంచి విసిరిన రింగు ఆయన చేతికి చిక్కక జారిపోయి, సంచిలోని బంతి ఎటో దొర్లిపోయిందట. ఆ బంతి మళ్లీ యంత్రంలో పడేదాకా తరువాతి బండికి లైన్ క్లియర్, అంటే దారి ఖాళీగా ఉందన్న అనుమతి, ఇవ్వడానికి లేదు. స్టేషను మాస్టరూ ఆయనా చేతిదీపంతో కంకరంతా వెతికితే, చివరికి నీళ్ల కొళాయి కింద బురదలో దొరికిందట.

ఇంటికి వచ్చి విన్నాక, ఫ్యాను మోతలో సగం మాటలు పోయాయని తెలిసింది. రెండు నెలలకు మళ్లీ వెళ్లి, ఫ్యాను ఆపించి అడిగితే, రింగు జారవిడిచింది తాను కాదనీ, ఆ రాత్రి డ్యూటీ మార్చుకున్న తోటి పాయింట్స్‌మన్ అనీ చెప్పారు. ఏది నిజమో నేను తేల్చలేదు. రెండింటినీ తేదీలు వేసి, కత్తిరించకుండా దాచాను. ఇలాంటి కథలను సరిదిద్ది, నున్నగా చేసి పంచేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఊరూ ఏడాదీ లేకుండా "పాత స్టేషను, అద్భుతం" అని ఫోటో పెట్టేవారూ అంతే. పాత ఇంజనుకు ఏటా రంగు వేసి ఆరుబయట నిలబెడతారు గాని, అది ఏ లైనులో తిరిగిందో తెలుగులో ఒక్క పలక పెట్టరు.

మరొక సంగతి: రైల్వే క్వార్టర్లలో జీవితం గడిపిన ఆడవారిని ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. రెండో రికార్డింగు చివరలో వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపిస్తుంది: "కొళాయి కిందా లేదు, ఏమీ లేదు. తెల్లారాక పాలబ్బాయి తెచ్చిచ్చాడు ఆ బంతిని." వచ్చే నెల ఆమె ముందు ఫోను పెట్టబోతున్నాను.