ఫోను బిల్లా, ఫోను అప్పా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర సేల్స్‌లో ఉన్నారు. ఇద్దరి జీతాలు కలిపి 46,000. ఇంట్లో ఐదు ఫోన్లు (అత్తగారిది బటన్ ఫోను). వీటికే నెలకు 4,600 దాకా పోతోంది. పొదుపు ఏమీ లేదు. మొన్న మామగారికి డెంగీ వస్తే లోన్ యాప్‌లో 12,000 తీసుకున్నాం. చేతికి వచ్చింది 10,600. నెల తిరక్కుండా 12,480 కట్టేశాం. ఏ కంపెనీ ప్లాన్‌కు మారితే కలిసొస్తుంది? బిల్లు ఫోటో, నెలవారీ కటింగుల వివరాలు పంపుతున్నాను.

జవాబు: ప్లాన్ సంగతి తర్వాత. ముందు ఈ 4,600లో ఫోను బిల్లు ఎంతో తేలనివ్వండి. 2024 జులైలో కంపెనీలు రేట్లు పెంచినప్పటి నుంచి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తోంది. ఫోను పేరు చెప్పి అకౌంట్లోంచి పోయే ప్రతి రూపాయినీ ఒకే గంపలో వేసి, దాన్ని తగ్గించే ప్లాన్ ఏదో చెప్పమంటారు.

మీ పోస్ట్‌పెయిడ్ బిల్లు రెండో పేజీ తీయండి. మీ ఇద్దరి ప్లాన్ 699, అబ్బాయి కనెక్షన్ 299. వాటి కింద చిన్న అక్షరాల్లో వాల్యూ యాడెడ్ సర్వీసెస్ (కాలర్ ట్యూన్ లాంటి అదనపు సేవలు) 99, లేట్ ఫీజు 100. మొత్తం 1,197. దాని మీద 18 శాతం జీఎస్టీ 215.46. అలా బిల్లు 1,412.46 అయింది. పోస్ట్‌పెయిడ్ ప్రకటనలో కనిపించే ధరకు పన్ను అదనం, ప్రీపెయిడ్‌లో పన్ను కలిసే ఉంటుంది. ఇది చూసుకోకుండా రెండింటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే లెక్క అక్కడే తప్పుతుంది.

అత్తమామలకు చెరో 299 చొప్పున నెలకు 598 అని రాశారు. 28 రోజుల ప్యాక్ ఏడాదికి 13 సార్లు వేయించాలి. నెలకు పంచితే 648 పడుతుంది. అయినా బటన్ ఫోనుకు రోజూ డేటా ఇచ్చే ప్యాక్ ఎందుకండీ? కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు కూడా పెట్టాలని టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులోనే చెప్పింది. రీచార్జ్ షాపులో అడిగితే తప్ప చెప్పరు.

ఇక మిగిలినవి కొత్త ఫోను ఈఎంఐ 2,450, దాని డ్యామేజ్ ప్రొటెక్షన్ 149. ఈఎంఐ ఫోను బిల్లు కాదమ్మా, అప్పు. మీరు అదే నంబరుతో ఏ కంపెనీకి మారినా (పోర్ట్ అయినా) అది మీ వెంటే వస్తుంది. ఇవన్నీ తీసేస్తే పన్నుతో సహా అసలు ప్లాన్ల ఖర్చు 1,826. ఎంత బేరమాడినా అందులో రెండు మూడు వందలకు మించి మిగలదు.

ఆ బిల్లులో నాకు గుచ్చుకున్నది లేట్ ఫీజు. గడువు 4వ తేదీ, మీ జీతం పడేది 7న. మధ్యలో మూడు రోజులు. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఆ మూడు రోజులకు సర్దడానికి 1,400 లేవు. డెంగీ వచ్చినప్పుడు మిమ్మల్ని లోన్ యాప్ దాకా తీసుకెళ్లింది కూడా ఈ లోటే. 10,600 వాడుకున్నందుకు నెలలో 1,880 అదనంగా కట్టారు. మన ఊళ్లలో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటేనే గుండెలు బాదుకుంటాం. ఇది నూటికి దాదాపు 18! కట్టేశాం కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఆ యాప్ ఇంకా ఫోన్లో ఉంటే ఈ రోజే తీసేయండి. మళ్లీ జ్వరమొస్తే వేలు దాని మీదికే పోతుంది. అన్నట్టు ఫోనుకు ప్రొటెక్షన్ ఉంది, మామగారికి హెల్త్ పాలసీ ఉన్నట్టు మీరెక్కడా రాయలేదు. ఆ విషయం కూడా చూడండి.

మీకు ముందు కావాల్సింది అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చులంత అని ఇప్పుడే చెప్పి భయపెట్టను, ముందు 15,000 చేర్చండి. 155223కు ఫోన్ చేసి ఆ 99 సర్వీసు ఆపించండి. మీరు ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయిన కాలర్ ట్యూన్ అయి ఉండొచ్చు. బిల్లు తేదీని జీతం తర్వాతకు మార్చమని కస్టమర్ కేర్‌ను అడగండి. మార్చకపోతే మొదట చేరే డబ్బులోంచే 4వ తేదీ లోపు కట్టేయండి. ఈ రెండింటితో పన్నుతో సహా 235 మిగులుతుంది. ప్రొటెక్షన్ 149 కూడా మానేస్తే 384. ఈఎంఐ ఇంకా నాలుగు నెలలే అన్నారు కాబట్టి, అది తీరిన నెల నుంచే ఆ 2,450 కూడా ఇందులో కలపండి. తొమ్మిదో నెలకు 15,000 దాటుతుంది. ఆ డబ్బు మీ జీతం పడే అకౌంట్లో వద్దు, యూపీఐకి కలపని వేరే బ్యాంకు ఖాతాలో ఉంచండి. ఈలోగా అబ్బాయి ఇంకో ఫోను అడిగితే, ఈఎంఐ జీరో కాస్ట్ అని షాపువాడు ఎంత ఊరించినా ఒప్పుకోకండి.

పోర్ట్ కావాలంటే 1900కి ఎస్సెమ్మెస్ పంపితే ఒక కోడ్ వస్తుంది, దాన్ని కొత్త కంపెనీకి ఇవ్వాలి. పాత బిల్లు బాకీ ఉంటే మాత్రం కుదరదు.