సంపర్కమా, సాంగత్యమా?

సందేహం: 1950ల నాటి శాన్‌ఫ్రాన్సిస్కోలో గే పురుషులు కలుసుకునే బార్ల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘స్వలింగ సంపర్కులు’ అని రాస్తే మా అమ్మాయి ఒప్పుకోవడం లేదు, ‘స్వలింగ ప్రియులు’ అనాలంటోంది. ఏది సరి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: సంపర్కం పుట్టుకతో చెడ్డ మాట కాదమ్మా. కలపడమనే అర్థమున్న ‘పృచ్’ ధాతువుకు ‘సం’ చేరితే వచ్చింది. కాళిదాసు రఘువంశం ఎత్తుకోవడమే ‘వాగర్థావివ సంపృక్తౌ’ అని ఎత్తుకున్నాడు. మాటా అర్థమూ విడదీయడానికి వీల్లేకుండా ఎలా కలిసి ఉంటాయో, పార్వతీపరమేశ్వరులు అలా కలిసి ఉన్నారట. కలయికను ఇంతకన్నా పవిత్రంగా చెప్పిన కవిని నేను చదవలేదు. ఆ సంపృక్తమే ఈ సంపర్కం. పెళ్లికొడుక్కిచ్చే మధుపర్కమూ ఈ ధాతువుదే: తేనె, పెరుగు, నెయ్యి కలిపినది. ఇప్పుడా పేరు బట్టలకే మిగిలింది. హిందీలో సంపర్క్ అంటే నేటికీ రాకపోకలే. తిరుపతి నుంచి ఢిల్లీ వెళ్లే సంపర్క్ క్రాంతి రైలు పేరు చూడండి. మన పత్రికలే ఆ మాటను పడకగదిలో పెట్టి తలుపేశాయి. ఇది నాకు బాధగా ఉంటుంది.

అయితే జనం వాడుకలో స్థిరపడిన అర్థాన్ని కాదనలేం. ఆ అర్థం మీ వ్యాసంలోని మనుషులకు పొసగదు. మాంట్‌గోమరీ వీధిలోని బ్లాక్ క్యాట్ బారే తీసుకోండి. ఆదివారం మధ్యాహ్నాలు హొసే సారియా అనే వెయిటరు అక్కడ కార్మెన్ అనే ఒపెరాను, అంటే పాటలతో నడిచే నాటకాన్ని, తమ ఊరికి అన్వయించి ఆడవేషంలో పాడేవాడు. అందులో నాయిక కార్మెన్ ఆ ఊరి యూనియన్ స్క్వేర్ పొదల మాటున పోలీసుల్ని తప్పించుకు తిరిగేది. చివర్లో అందరూ చేతులు పట్టుకుని, దేవుడు మనల్ని కాపాడాలంటూ పాడేవారు. గే అని పేరు పేపర్లో పడితే ఉద్యోగం ఊడే రోజులవి.

1949లో ఆ బారు లైసెన్సు సస్పెండ్ చేస్తే యజమాని కోర్టుకెక్కాడు. గే పురుషులు వచ్చి కూర్చున్నంత మాత్రాన తప్పు కాదు, అక్కడ చట్టవిరుద్ధమైన పని జరిగిందని రుజువుండాలని 1951లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది. సాంగత్యం వేరు, సంపర్కం వేరు అని కోర్టే తేల్చాక, అనువాదంలో ఆ గీత మీరు చెరిపేస్తే ఎలా? పోలీసు దాడులు మాత్రం ఆగలేదు. 1961 సెప్టెంబరులో ఆ ఊళ్లోనే టే-బుష్ ఇన్ అనే మరోచోట ఒక్క రాత్రే 103 మందిని పట్టుకున్నారు. ఆ ఏడే సారియా నగర పాలక మండలికి పోటీ చేసి 5 వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. ఇలాంటి మనిషిని ‘సంపర్కుడు’ అనే ఒక్క ముక్కతో సరిపెట్టడం అన్యాయం.

మీ అమ్మాయి చెప్పిన ‘ప్రియులు’ నయమే. కాకపోతే భోజనప్రియుడు, అలంకారప్రియుడు అన్నట్టు అదొక అభిరుచిలా వినిపిస్తుందేమోనని నా శంక. ఆ కాలంలో వాళ్లు తమలో తాము గే అనే చెప్పుకునేవారు కనుక, ఆ మాటే ఉంచడం మేలనిపిస్తోంది. చట్టం భాష వచ్చినచోట సంపర్కం ఉండనివ్వవచ్చు.