పేరు కింద ‘ఫోటోగ్రాఫర్’ అని రాసుకోవచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె. నాన్నగారికి బెంగళూరు కృష్ణరాజపురంలో కిరాణా కొట్టు ఉంది. నేను ఇక్కడే బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. మూడేళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. స్కాలర్‌షిప్ డబ్బుతో ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనుక్కున్నాను. కాలేజీ వార్షిక సంచికలో నా ఫోటోలు రెండు అచ్చయ్యాక ఇన్‌స్టాగ్రామ్‌లో నా పేరు కింద ‘ఫోటోగ్రాఫర్’ అని రాసుకున్నాను. ఈమధ్య ఒక శుభకార్యంలో మా పెదనాన్నగారి అబ్బాయి అందరి ముందూ ‘రూపాయి సంపాదన లేకుండా ఫోటోగ్రాఫర్ ఏమిటమ్మా’ అని నవ్వాడు. ఆ రాత్రే ఆ మాట తీసేశాను. ఇప్పుడు మా వీధిలోని ఒక తెలుగు కుటుంబం వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు ఎనిమిది వేలు ఇస్తాం, ఫోటోలు నువ్వే తియ్యమని అడుగుతున్నారు. ఒప్పుకోవచ్చా? అసలు నన్ను నేను ఫోటోగ్రాఫర్ అని ఎప్పుడు చెప్పుకోవచ్చు? ఎంకాం ఆలోచన మానుకుని ఇటే రావాలా?
– ఒక విద్యార్థిని, బెంగళూరు

జవాబు: మీ అన్నయ్య నవ్విన తీరు బాగాలేదు, ఆయన వాడిన కొలబద్ద కూడా సరైనది కాదు. అయినా ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. అందులో ఒక అసలు ప్రశ్న దాగి ఉంది, దాని దగ్గరకు కాసేపట్లో వస్తాను. ముందు చట్టం సంగతి చూద్దాం. మన దేశంలో ‘ఆర్కిటెక్ట్’ అనే మాటను పేరు పక్కన పెట్టుకోవాలంటే 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదై ఉండాలి. న్యాయవాదులకు బార్ కౌన్సిల్ ఉంది, చార్టర్డ్ అకౌంటెంట్లకు వారి ఇన్‌స్టిట్యూట్ ఉంది. ‘ఫోటోగ్రాఫర్’ అనే మాటకు మాత్రం అటువంటి కాపలా ఏదీ లేదు. పరీక్ష లేదు, లైసెన్సు లేదు, రిజిస్టరు లేదు. ఆ మాటను మీకు ఇచ్చే అధికారం ఎవరికీ లేనట్టే, మీ నుంచి లాక్కునే అధికారం మీ అన్నయ్యకూ లేదు. అందుచేత ఆ రాత్రి కంగారుపడి దాన్ని తీసేయనవసరం లేదు. అయితే కాపలా లేని మాట కాబట్టి, దాన్ని ఎక్కడ ఎంతవరకు వాడాలన్న లెక్క వాడేవారే చూసుకోవాలి.

సంపాదనతో కొలిస్తే ఏమవుతుందో చూడండి. సండూరు రాజకుటుంబానికి చెందిన ఎం.వై. ఘోర్పడే 1970లలో కర్ణాటక ఆర్థిక మంత్రిగా పనిచేశారు; ఆయన తీసిన వన్యప్రాణుల ఫోటోలకు దేశం బయట కూడా గుర్తింపు వచ్చింది. ఆయన జీవనోపాధి కెమెరా కాదు. అమెరికాలోని షికాగోలో వివియన్ మేయర్ అనే ఆవిడ ఇళ్లలో పిల్లలను చూసుకునే ఆయాగా బతికారు. సెలవు దొరికినప్పుడల్లా వీధుల్లో తిరిగి లక్షకు పైగా ఫోటోలు తీశారు, వాటిలో చాలా రీళ్లను కడిగించనైనా లేదు. 2007లో ఆవిడ పెట్టెలు వేలానికి వచ్చేదాకా ఆ సంగతి లోకానికి తెలియదు, 2009లో ఆవిడ కన్నుమూశారు. రూపాయి లెక్కన వీరిద్దరూ ఫోటోగ్రాఫర్లు కాకుండా పోతారు. పాస్‌పోర్ట్ సైజు ఫోటోకు ఒకే దీపం, ఒకే కోణం పెట్టి రోజంతా మీట నొక్కే మనిషి మాత్రం అవుతాడు. ఆ మనిషి పనిని నేను తక్కువ చేయడం లేదు, కొలబద్ద ఎంత వంకరగా ఉందో చెబుతున్నానంతే.

మరి సరైన కొలత ఏది? నా దృష్టిలో, పేరు చెప్పుకోవడమంటే ఎదుటివారికి మాట ఇవ్వడం. ఆ పేరు విన్నవారు మీ నుంచి ఏమి దొరుకుతుందని అనుకుంటారో అది మీరు నిజంగా ఇవ్వగలిగితే, ఆ పేరు మీది. మన వాడుకలోనే ఈ తేడా ఉంది. ఇంటిల్లిపాదీ మెచ్చుకునేలా పులిహోర కలిపే ఆవిడను ‘వంట బాగా చేస్తుంది’ అంటాం. కరెంటు పోయినా, గ్యాస్ అయిపోయినా, చెప్పినదానికంటే యాభై మంది ఎక్కువ వచ్చినా పన్నెండు గంటలకల్లా విస్తళ్లు వేయించగలిగేవాడిని ‘వంటమేస్త్రీ’ అంటాం. రుచిలో మొదటి ఆవిడే మిన్న కావచ్చు, కానీ రెండో మాటలో ఒక హామీ ఉంది. ‘మా అమ్మాయి ఫోటోలు తీస్తుంది’, ‘మా అమ్మాయి ఫోటోగ్రాఫర్’ అనే రెండు వాక్యాల మధ్య కూడా ఆ హామీయే తేడా. మీ అన్నయ్య మాటలో దాగి ఉందన్న ప్రశ్న ఇదే: ఆయన డబ్బు గురించి అడిగాడు గానీ, అడగవలసింది భరోసా గురించి.

ఇలా చూస్తే ఒకే మాట ఒకచోట నిజం, మరొకచోట తొందరపాటు కావచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ పేరు కింద ఆ మాట చూసినవారు, ఈ అమ్మాయి ఏదో అదాటుగా కాకుండా ఆలోచించి ఫోటోలు తీస్తుంది అని మాత్రమే అనుకుంటారు. అందుకు మీరు తగుదురా లేదా అన్నది మీరే పరీక్షించుకోవచ్చు. బ్రిటన్‌లోని రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ తన మొదటి స్థాయి గుర్తింపుకు పది ఫోటోలు అడుగుతుంది. ఆ గుర్తింపుకు మీరు దరఖాస్తు చేయనక్కరలేదు, ఆ పద్ధతిని అరువు తెచ్చుకుంటే చాలు. మూడేళ్ల ఫోటోలలోంచి పది తీసి, ప్రింట్లు వేయించి, నేల మీద పరిచి చూడండి. పదీ ఒకే చూపు గల మనిషి తీసినట్టున్నాయా, లేక రెండు మంచివి అదృష్టవశాత్తు పడి మిగతావి వాటి పక్కన నిలబడ్డాయా? ప్రతిదాన్నీ ఎందుకు ఉంచారో, దాని ముందూ వెనుకా తీసినవాటిని ఎందుకు పక్కన పెట్టారో చెప్పగలుగుతున్నారా? ఏరుకోవడం తెలియని చేతికి కెమెరా పట్టుబడిందని నేను అనుకోను. బెంగళూరులో ఇందుకు తోడు కూడా దొరుకుతుంది: యూత్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ 1971 నుంచి పనిచేస్తోంది, అటువంటి సంఘాలలో అనుభవజ్ఞులు మీ ఫోటోను మొహమాటం లేకుండా విమర్శిస్తారు. బంధువుల లైకుల కంటే ఆ విమర్శ విలువైనది.

ఒకే విషయం మీద కొంతకాలం నిలబడి పనిచేయడం కూడా అలవాటు చేసుకోండి. తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్ పూల అంగళ్లు అందరూ తీస్తారు, ఎక్కువమంది ఒక్కసారి వెళ్లి వచ్చేస్తారు. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషెకు కూడా అంతే. మీకు అక్కడ ఒక అనుకూలత ఉంది. ఆ శనక్కాయల తిరునాళ్లకు ఆంధ్ర నుంచి కూడా రైతులు, వ్యాపారులు వస్తారు. వారితో మీరు మీ భాషలో మాట్లాడగలరు, బస్తా దింపిన దగ్గర నుంచి రాత్రి పట్టా పరుచుకుని పడుకునేదాకా పక్కన కూర్చోగలరు. కిరాణా కొట్టులో పెరిగిన పిల్లకు తూకం దగ్గర మనిషి ముఖం ఎలా మారుతుందో ఎవరూ నేర్పనక్కరలేదు కదా.

ఇక ఓణీల ఫంక్షన్. ఇక్కడ వినేవారు మారారు కాబట్టి ఆ మాట బరువూ మారింది. ఆ తల్లిదండ్రులకు మీ చూపు, మీ శైలి ముఖ్యం కావు. మేనమామ ఓణీ అందించిన క్షణం, అక్షింతలు వేస్తూ నాయనమ్మ కళ్లు తుడుచుకున్న క్షణం, హారతి, బంధువులందరూ వరసగా వేదిక ఎక్కి దిగడం, ఇవన్నీ తప్పకుండా ఉంటాయన్న నమ్మకమే వారు కొనుక్కుంటున్నారు. వాటిలో ఏదీ మళ్లీ జరగదు. మార్కెట్‌లో వెలుగు బాగాలేకపోతే రేపు వెళ్లవచ్చు. చౌల్ట్రీలో ఒక పక్క పసుపు బల్బులు, ఒక పక్క వీడియోవాళ్ల తెల్ల దీపం, వెనుక రంగులు మార్చే ఎల్‌ఈడీలు ఉన్నా అక్కడే, అప్పుడే తీయాలి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి చాలా రకాల దీపాలు సెకనుకు నూరుసార్లు మినుకుతాయి. కెమెరా లోపలికి వెలుగు వచ్చే తలుపు, అంటే షట్టర్, మరీ వేగంగా మూసుకునేలా పెడితే ఫోటోలో అడ్డపట్టీలు పడతాయి, సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు దగ్గర పెడితే చాలావరకు తగ్గుతాయి. ఇటువంటివి చదివితే గుర్తుంటాయి గానీ, జనం తోసుకుంటున్నప్పుడు వేళ్లకు తట్టాలంటే పది ఫంక్షన్లు చూసి ఉండాలి.

మా చెల్లెలి పెళ్లికి పిలిచిన ఫోటోగ్రాఫర్ చేయి తిరిగినవాడే. ఆయన తీసిన పెళ్లికూతురి ఫోటో ఒకటి ఇప్పటికీ మా ఇంటి గోడ మీద ఉంది. కానీ పెళ్లంతా ఒకే మెమరీ కార్డులో తీశాడు, ఆ కార్డు సగంలో పాడైంది. జీలకర్ర బెల్లం ఉంది, తలంబ్రాలు లేవు. ఆ రోజు మా అమ్మ ఆయన ప్రతిభ గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

కాబట్టి ఆ పని ఒంటరిగా ఒప్పుకోవద్దని నా సలహా. ‘నేను ఇంతవరకు ఒక ఫంక్షన్‌ను మొదటి నుంచి చివరిదాకా తీయలేదు ఆంటీ, ఆనవాయితీ ఫోటోలకు అనుభవం ఉన్నవారిని ఒకరిని పెట్టుకోండి, పోజు పెట్టించకుండా తీసే క్యాండిడ్ ఫోటోలు నేను తీస్తాను, మీకు నచ్చినంత ఇవ్వండి’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. అలా చెబితే చాలామంది గౌరవిస్తారు. ఈలోగా ఎవరైనా పాతకాపు దగ్గర అసిస్టెంటుగా, తరువాత సెకండ్ షూటర్‌గా, అంటే ఆయనతో పాటు తీసే రెండో ఫోటోగ్రాఫర్‌గా, ఆరేడు శుభకార్యాలకు వెళ్లండి. మొదట్లో లైటు పట్టుకునే పని ఇస్తారు, చిన్నతనం అనుకోకండి. వెలుగు ఎటు నుంచి పడితే ముఖం ఎలా ఉంటుందో లైటు పట్టుకున్నవారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

డబ్బు తీసుకుని తీసేటప్పుడు ఒక విషయం చాలామందికి తెలియదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు ప్రతిఫలం ఇచ్చి తమ కోరిక మీద తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి కాపీరైట్ హక్కుదారు డబ్బు ఇచ్చినవారే. మీరు సరదాగా మార్కెట్‌లో తీసినది మీది. ఎనిమిది వేలకు తీసినది వారిది. కనుక వాటిని మీ పేజీలో పెట్టుకోవాలంటే ముందుగానే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇక్కడ ఉన్నది మైనరు బాలిక కాబట్టి, తల్లిదండ్రులు సరేనన్నా ఆ పిల్లను కూడా ఒక మాట అడగడం మర్యాద. ఎన్ని ఫోటోలు, ఎన్ని రోజుల్లో, ఆల్బమ్ ఖర్చు ఎవరిది, అడ్వాన్స్ ఎంత అన్నవి ఒక పేజీ కాగితం మీద ఉండాలి. జీఎస్టీ గురించి ఇప్పుడే దిగులు పడకండి. కర్ణాటకలో సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా సాధారణంగా రిజిస్ట్రేషన్ అవసరం రాదు, ఎలాగూ మీరు కామర్స్ విద్యార్థిని.

ఎంకాం మానాలా అన్నదానికి నా జవాబు: ఇప్పుడే వద్దు. రాజా దీన్ దయాళ్ అంటే మనకు హైదరాబాద్ ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గానే తెలుసు. ఆయన చదివింది రూర్కీలో ఇంజనీరింగ్; చేసింది ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. 1870లలో కెమెరా పట్టి, ఉద్యోగం చేసుకుంటూనే పేరు తెచ్చుకుని, సుమారు పదేళ్ల తరువాత రెండేళ్లు సెలవు పెట్టి, చేతినిండా పని కుదిరాకే రాజీనామా చేశారు. ఉద్యోగమో చదువో పక్కన ఉంటే, నచ్చని పనిని కాదనే వీలు మీకు ఉంటుంది. ఒకవేళ ఏడాది తరువాత కూడా మనసు ఇటే లాగితే పద్ధతిగా నేర్చుకునే చోట్లు ఉన్నాయి: జాతీయ డిజైన్ సంస్థ గాంధీనగర్ క్యాంపస్‌లో ఫోటోగ్రఫీ డిజైన్‌లో పీజీ ఉంది, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీలో బీఎఫ్‌ఏ ఉంది. అర్హతలు ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. మీ బీకాం కూడా వృథా పోదు. ఖర్చు, కిరాయి, కెమెరా తరుగుదల లెక్క వేయకుండా రేటు చెప్పి, స్టూడియో పెట్టిన రెండేళ్లకే మూసేసుకున్న ప్రతిభావంతులను నేను ముగ్గురిని చూశాను.

ఇప్పటికి మీ పేరు కింద ఆ మాట మళ్లీ పెట్టుకోండి, కాకపోతే ఏ ఫోటోలు తీస్తారో కలిపి రాయండి: ‘బెంగళూరు మార్కెట్లు, తిరునాళ్ల ఫోటోగ్రాఫర్’ అంటే అందులో అబద్ధమేమీ లేదు. ‘శుభకార్యాలకు సంప్రదించండి’ అన్న వాక్యం, మీ అంతట మీరు ఒక ఫంక్షన్‌ను పూర్తిగా నడిపించి, ఫోటోలు చెప్పిన తేదీకి అందించిన తరువాత చేర్చండి. ఆ ఓణీల ఫంక్షన్‌కు క్యాండిడ్‌కే వెళ్లినా ఇంకో రెండు కార్డులు కొనుక్కుని వెళ్లండి, సెకండ్‌హ్యాండ్‌వి మాత్రం వద్దు. మధ్యలో కార్డులు మారుస్తూ తీయండి, ఇంటికి వచ్చాక ఎంత రాత్రయినా రెండు చోట్ల కాపీ చేశాకే పడుకోండి. రేపు మీ అన్నయ్య తన ఇంటి వేడుకకు ‘మన పిల్లే కదా’ అని పిలిచినా, రేటు తగ్గించండి గానీ ఆ ఒక పేజీ కాగితం మాత్రం మానకండి.