గూడు గట్టిగా ఉన్నా, పగటికి జాలీ ఆవరణ ఎందుకంటే

"రాత్రి కోళ్లని గూట్లో పెట్టి గడియ వేస్తున్నాం, పగలు ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు, మళ్లీ చుట్టూ జాలీ దేనికి?" అనే కదండీ మీ సందేహం. నేనూ అలాగే అనుకున్నాను. ఐదు పెట్టలు పోయేదాకా.

మొదటి రెండూ కుక్క పాలయ్యాయి. పట్టపగలే. నేను పది అడుగుల దూరంలో బట్టలు ఆరేస్తున్నాను. రెక్కల చప్పుడు విని తిరిగేసరికే అయిపోయింది. మనిషి ఇంట్లో ఉండటం కాపలా కాదని ఆ రోజు తెలిసింది.

ఆ భయంతో పెరట్లో ఒక మూల ఆరు పలకల కన్నాలుండే పలచటి కోళ్ల జాలీ చుట్టేశాను. మూడు వారాలు హాయిగా గడిచింది. ఒక మధ్యాహ్నం నీళ్లు మార్చడానికి వెళ్తే మూడు పెట్టలు మెడ దగ్గర కొరికేసి పడున్నాయి. ఒక్కదాన్నీ తినలేదు. జాలీ ఎక్కడా తెగలేదు, దాని అంచు కింద మాత్రం నా పిడికిలి పట్టేంత బొరియ. ముంగిస. మూసిన చోట కోళ్లు బెదిరి కొట్టుకుంటుంటే ఇలాంటి జంతువు కదిలినదాన్నల్లా కరుస్తూ పోతుంది, ఆకలితో పనిలేదు. ఒకరకంగా వాటి చావుకి నా జాలీయే కారణం. బయట ఉంటే ఒకటో రెండో గోడెక్కి బతికేవి. అరకొర ఆవరణ కన్నా అసలు లేకపోవడమే నయం అంటాను నేను.

ఆ పలచటి జాలీ కోడిని లోపల ఉంచుతుంది, అంతే. బయటివాటిని ఆపాలంటే అరంగుళం కన్నాలున్న వెల్డెడ్ మెష్, అంటే తీగలు అతికించిన గట్టి జాలీ కావాలి. అంతకన్నా ముఖ్యం నేల దగ్గర పని. మెష్‌ని కింద బయటివైపుకి మడిచి, అడుగు వెడల్పున నేల మీద పరిచి, మట్టి కప్పాలి. తవ్వే జంతువు సరిగ్గా కంచె మొదట్లోనే గోకుతుంది. మెష్ తగిలితే అడుగు వెనక్కి వెళ్లి తవ్వుదామన్న ఆలోచన సాధారణంగా దానికి రాదు.

పైన కూడా మూయండి, గద్దలు ఊరుకోవు. కోడిపిల్లలుంటే వాటిని ఎత్తుకుపోవడానికి కాకులు చాలు. కప్పు సగమైనా రేకుతో వేస్తే నీడ ఉంటుంది, అడవి పక్షుల రెట్ట మేతలో పడదు. నేల పొడిగా ఉంటే పొర్లడానికి మట్టీ దొరుకుతుంది. చోటు ఒక్కో పెట్టకి పది చదరపు అడుగులైనా ఉండాలి, ఇరుకైతే ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి.

డబ్బు చాలకపోతే ఆ అరంగుళం మెష్ కింది రెండు అడుగులకైనా వేసి, పైభాగానికి పాత జాలీ వాడుకోండి. నేను అలాగే చేశాను. వారం తిరక్కుండా రెండు చోట్ల అంచున మట్టి గోకి, మెష్ బయటపడి కనిపించింది. మళ్లీ మట్టి కప్పి ఇటుకలు పేర్చాను. లోపల అన్నీ లెక్కకి ఉన్నాయి.