చేతికర్రపై ముఖం చెక్కేటప్పుడు ముక్కు ఎందుకు చీలుతుంది?

ప్రశ్న: మా నాన్నగారికి చేతికర్ర చేసి, దానిపై గడ్డం ఉన్న తాతగారి ముఖం చెక్కి ఇవ్వాలనుకున్నాను. పక్క వీధిలో ఇల్లు కట్టినవారు పరంజాకు వాడి వదిలేసిన సరుగుడు కర్ర తెచ్చి చాకుతో మొదలుపెట్టాను. కనుబొమలు బాగానే వచ్చాయి గాని, ముక్కు దగ్గర చెక్క నిలువునా చీలిపోయింది. లోపం కర్రదా, నా చేతిదా?
ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఎక్కువ పాలు కర్రదే. సరుగుడు గట్టిగా, బరువుగా ఉంటుంది గాని ఆరేటప్పుడు బీటలు వారే గుణం దానికి ఎక్కువ. పరంజాకు పనికివచ్చినంత మాత్రాన సన్నని చెక్కడానికి పనికిరాదు. పాత ఇళ్లు కూల్చినప్పుడు దొరికే టేకు ద్వారబంధం ముక్కను, అందులోనూ ముడులు లేని చేవభాగాన్ని ఎంచుకోండి. అది ఏళ్ల తరబడి ఆరినది కనుక ఇకపై మెలితిరగడం అరుదు. టేకులో సిలికా ఉండటం వల్ల ఉలి త్వరగా మొద్దుబారుతుంది, సానరాయిని అందుబాటులో ఉంచుకోవాలి. కర్ణాటకలోని చన్నపట్టణంలోనూ మన ఏటికొప్పాకలోనూ బొమ్మలకు వాడే అంకుడు కర్ర ఉలికి చక్కగా లొంగుతుంది గాని, పెద్దవారు ఒళ్లంతా మోపే కర్రకు దానిని నేను సూచించను.

ఇక చేతి సంగతి. కర్రలో నార పొడవునా సాగుతుంది. ముక్కు మీదుగా పైనుంచి కిందికి చాకు లాగితే, ఆ నార వెంబడే చీలిక పరుగెత్తుతుంది. దానిని ఆపడానికి ముందుగా ముక్కు కొన కింద అడ్డంగా ఒక గాటు పెట్టి, పెదవి వైపు నుంచి పైకి పలుచని పెచ్చులు తీస్తూ ఆ గాటు దగ్గర ఆగాలి. లోతు చాలకపోతే గాటును మరికొంత దించి, మళ్లీ అలాగే కోయాలి. కనుబొమల కింద, బుగ్గల పక్కన కూడా ఇదే పద్ధతి.

గుండ్రని కర్రపై చదునుగా గీసిన ముఖం రొట్టె మీద గీసినట్లే ఉంటుంది. ముఖం వచ్చేచోట కర్రను నలుపలకగా ఉంచి, ఒక అంచును ముక్కు గీతగా తీసుకుంటే కళ్లు, బుగ్గలు వాటంతట అవే వెనక్కి వాలుతాయి. నుదుటి పైభాగం నుంచి కనుబొమలకు, అక్కడి నుంచి ముక్కు కొనకు, అక్కడి నుంచి చుబుకం చివరకు దాదాపు సమాన దూరాలు ఉండాలి. మీరు గడ్డం ఎంచుకోవడం తెలివైన పనే. మీసం నోటిని కప్పేస్తుంది, గడ్డపు గీతలు నార వెంటే సాగుతాయి కనుక కష్టం సగం తగ్గుతుంది.

ముఖాన్ని పిడి మీద కాక, అరచేతికి తగలకుండా నాలుగు వేళ్ల వెడల్పు కిందుగా పెట్టండి. ఒకటింపావు అంగుళం మందం ఉన్న కర్రలో పావు వంతుకు మించి లోతు పోకూడదు. అందానికి ఆశపడి మెడ సన్నం చేస్తే విరిగేది అక్కడే. నాన్నగారు చెప్పులు వేసుకుని, చేతులు వదిలి నిలుచున్నప్పుడు మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉంటే పిడి అంత ఎత్తులో ఉండాలి. అడుగున రబ్బరు బుష్ తప్పనిసరి.

చివరగా అవిసె నూనె రెండు మూడు పూతలు పలుచగా పట్టించండి. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. విడదీసి ఆరుబయట ఆరవేయండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.