అమ్మ ఒక్కతే హైదరాబాద్ నుంచి డల్లాస్ రావాలంటే ఎన్ని గంటలు?

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి విమానంలో ఎంత దూరం, ఎన్ని గంటలు పడుతుంది, అమ్మ ఒక్కతే రాగలదా అని అడిగారు. మా అమ్మ పోయిన జూన్‌లో అలాగే వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

సూటిగా కొలిస్తే 14,400 కిలోమీటర్లు. ఆ గీత దాదాపు ఉత్తర ధ్రువం పక్క నుంచే పోతుంది. నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట మారాలి. దుబాయ్ మీదుగా అయితే అక్కడిదాకా సుమారు 2,550, అక్కణ్ణుంచి డల్లాస్‌కి 12,900. మొదటిది 4 గంటలు, రెండోది 16. అందరూ ఈ 20 గంటలే లెక్కేసుకుంటారు, అక్కడే తప్పు చేస్తారు.

మా అమ్మది ఖమ్మం. దుబాయ్ కాకుండా ఇంకో దారిలో వచ్చింది. మధ్యలో రెండు గంటలే ఆగుతుంది, తొందరగా వచ్చేస్తుంది కదా అని నేనే ఆ టికెట్ కొన్నాను. వీల్‌చెయిర్ కూడా పెట్టించాను. విమానం మారేచోట వీల్‌చెయిర్ తోసే అతను ఆమెను ఒక మూల దించి, ఇప్పుడే వస్తానని సైగ చేసి వెళ్లాడు. అరగంటైనా రాలేదు. బాత్రూమ్‌కి వెళ్తే ఈలోగా అతనొచ్చి వెళ్లిపోతాడేమోనని లేవలేదు, మంచినీళ్లు కూడా తాగలేదు. చివరికి పక్కన ఎవరో తెలుగులో ఫోన్ మాట్లాడుతుంటే పిలిచింది. జగిత్యాల వైపు అబ్బాయి, గల్ఫ్‌లో పనిచేస్తాడట, సెలవుకి ఇంటికి పోతున్నాడు. "పరేషాన్ గాకమ్మా, నేనున్న" అని కుర్చీ తానే తోసుకుంటూ గేటు దగ్గర దించి, ఆమె లోపలికి వెళ్లేదాకా నిలబడ్డాడు. అతని పేరు అడగడం మర్చిపోయానని అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది.

డల్లాస్‌లో బయటికొచ్చేసరికి పొద్దున పదకొండు, ఎండ మండిపోతోంది. అమ్మ గడియారంలో మాత్రం రాత్రి తొమ్మిదిన్నర. టైమ్ మార్చలేదు. "నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి గడప దాటానురా" అంది. అంటే 32 గంటల పైమాటే. పాదాలు వాచిపోయి చెప్పులు ఎక్కడం లేదు, చేతిలో పట్టుకుని కారెక్కింది.

ఇంకోమాట, ఆ సామాను. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. అందులో సగం చుట్టాలు వాళ్ల పిల్లలకి పంపినవే. 65 ఏళ్ల మనిషి బెల్టు మీద నుంచి అవి ఎలా దించుతుందని ఒక్కరూ ఆలోచించరు. పచ్చి కరివేపాకు కూడా పెట్టారు, అది అమెరికాలోకి తేకూడదు.

మీరు మాత్రం విమానం మారేచోట మూడున్నర, నాలుగు గంటలు ఉండేలా చూసి కొనండి, పది వేలు ఎక్కువైనా సరే. విమానం నంబరు, మీ ఫోను నంబరు పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాసి చేతిలో పెట్టండి. పక్కనే తెలుగులో కూడా రాయండి. ఇండియాకి తిరిగి వెళ్లేటప్పుడు వెనక నుంచి గాలి తోస్తుంది కాబట్టి ఆ 16 గంటల ప్రయాణంలో గంటకి పైగా తగ్గుతుంది. మా అమ్మ నవంబర్‌లో తిరిగి వెళ్తోంది, ఈసారి నాలుగు గంటల గ్యాప్ ఉన్న టికెట్టే తీశాను.